సోమవారం బియ్యం

జులై 28, సోమవారం

వడ్డన కిటికీ దగ్గరి ముక్కు ఎర్రబడితే, ఆ రోజు నుంచి సంగతి తేలేవరకూ మజిలీ పెద్ద జరిగినదంతా పుస్తకంలో రాయాలి. గిరి సభ నియమం. ఇవాళ ఎర్రబడింది. బేతనియ మజిలీకి పెద్దదాన్ని నేనే కాబట్టి నేను రాస్తున్నాను. నా పేరు దయామణి. "ఉదయం లేచినప్పటి నుంచి ఏదీ వదలకుండా రాయవలెను" అని మొదటి పేజీ పైన అచ్చు వేసి ఉంది. అలాగే రాస్తాను.

ఐదింటికి లేచాను. వరండాలో చాప మీద మోకరించి ప్రార్థన చేసుకున్నాను. కాలవ నిన్నటికన్నా రెండు మెట్లు దిగింది. ప్రయాణికులు జారకుండా రేవు మెట్ల మీది నాచు గీకాను. ఊకపొయ్యిలో బూడిద తీసి కొత్త ఊక కూరాను.

ఐదున్నరకు మా చెల్లెలు సువార్త కూరల పడవలోంచి సరుకు దించుకుంది. పొన్నగంటికూర నాలుగు బుట్టలు, అరటిపువ్వులు పన్నెండు, పెసరపప్పు ఒక సంచి, మజ్జిగ రెండు కుండలు. ఒక్కొక్కటే గుమ్మం దగ్గరి ముక్కు ముందు పెట్టింది. ముక్కు అంటే గోడకు బిగించిన పెట్టె. సరుకు ఏ నీరు తాగి పెరిగిందో పసిగడుతుంది. మజిలీ చుట్టూ పన్నెండు కిలోమీటర్ల వలయం మా గిరి; ప్రయాణికులకు అందులో పండినదే పెట్టాలి. ఆ లోపలి నీరైతే పచ్చదీపం, బయటిదైతే ఎర్రదీపం. అన్నీ పచ్చ.

ఆరింటికి వీరవేణి తన దోనెలో వచ్చింది. సోమవారం బియ్యం ఆమెవి. మిగతా రోజులకు వేరే రైతులున్నారు. రెండు బస్తాలు దించింది. ఒక్కో బస్తా పైనుంచి గరిటెడు తీసి ముక్కు ముందు పెట్టాం. పచ్చ.

"ఈ వారం నూక కాస్త ఎక్కువండి. మరలో రాయి అరిగిపోయింది" అంది.

"మా పళ్ళూ అరిగాయిలే, సరిపోతాయి" అంది సువార్త. ఇద్దరూ నవ్వుకున్నారు.

తొమ్మిదింటికి గుండిగలో ఎసరు పెట్టాను. మొదటి బస్తా బియ్యం మూడు నీళ్ళలో కడిగాను. కడుగు గేదెకు పోశాను. ఎసరు మరిగింది. ప్రార్థన చేసి బియ్యం పోశాను. పదిన్నరకు గంజి వార్చాను. సువార్త అరటిపువ్వు, పెసరపప్పు కలిపి కూర చేసింది. పులుపుకు మామిడి ఒరుగులు. చింతపండు మా గిరిలో లేదు.

పదకొండింటికి ఎండ శక్తితో నడిచే ఎండపడవ వచ్చింది. డెబ్బై ఎనిమిది మంది. మా తమ్ముడు ప్రభుదాసు రేవులో తాడు అందుకున్నాడు, అందరికీ కాళ్ళకు నీళ్ళిచ్చాడు. మొదటి పళ్ళెం వడ్డన కిటికీలో పెట్టాను. అక్కడి ముక్కును ఈ జూన్‌లో బిగించారు. అది వండినదాన్ని చూస్తుంది. పళ్ళెంలో నాలుగు గింజలు తేడా ఉన్నా పట్టేస్తుంది. కూరకు పచ్చ చూపించింది. అన్నానికి ఎరుపు.

సువార్త దాని అద్దం పైటచెంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. ఎరుపు. ఇంకో పళ్ళెం పెట్టాం. పచ్చ. కానీ ఒక్కసారి ఎర్రబడ్డాక ఆ గుండిగలోది ప్రయాణికులకు పెట్టకూడదు. అన్నం పక్కకు దించి, అరటికాయలు ఉడకబెట్టి కూరతో, మజ్జిగతో పెట్టాం. ఎవరూ పెద్దగా గొణగలేదు. ఒకాయన మాత్రం, "మీ మజిలీకి జలుబు చేసినట్టుందమ్మా, ముక్కు ఎర్రబడింది. మిరియాల కషాయం పట్టించండి" అన్నాడు.

"మిరియాలు మా గిరిలో పండవండి" అంది సువార్త.

నాలుగింటి పడవకు రెండో బస్తా వండాను. పచ్చ. పక్కకు పెట్టిన అన్నం మేము తిన్నాం. బాగానే ఉంది.

ఇంతే జరిగింది. ఏదీ వదల్లేదు.

జులై 31, గురువారం

మంగళవారం, బుధవారం, ఇవాళ రెండు పూటలా పచ్చ. నిన్న పడవలో వచ్చిన ఒకావిడ టీ కోసం పావుగంట వాదించింది. తేయాకు మా గిరిలో లేదని చెప్పాను. తాటిబెల్లం వేసి అల్లం నీళ్ళు ఇచ్చాను. రెండు గ్లాసులు తాగి, బాగాలేదని చెప్పి వెళ్ళింది.

తమ్ముడు మూడు రోజులుగా ఏదో మాట నోట్లో నానబెట్టుకుని తిరుగుతున్నాడు. ఇవాళ పడవ కోసం రేవు మెట్ల మీద కూర్చున్నప్పుడు బయటపెట్టాడు.

"అక్కా, గుమ్మం ముక్కు బస్తా పైన గరిటెడే చూస్తుంది. అడుగున ఏముందో దానికి తెలీదుగా."

"తెలీదు."

"వీరవేణికి శిబిరం నుంచి ఇప్పటికీ సాయం బియ్యం వస్తున్నాయి. కొండలవతల పండినవి. అవి లోపల పోసి, పైన తన బియ్యం పోస్తే?"

"నువ్వు చూశావా?"

"చూస్తే ఇంకా ఇలా కూర్చుంటానా?"

"చూడనిది అనకు."

కానీ ఆ మాట నాలోనూ ఉండిపోయింది.

వీరవేణి ఎవరో రాయాలి. మూడేళ్ళ కిందట సముద్రం ఆమె ఊరిని తీసుకుంది. అత్తగారిని వీపున మోసుకుని, ఊళ్ళు మునిగినవాళ్ళ కోసం వేసిన ఇక్కడి శిబిరానికి వచ్చింది. ఉప్పు తేలిన రెండెకరాలు ఎవరూ ముట్టకపోతే గిరి సభ ఆమెకు సాగుకు ఇచ్చింది. రెండు వానాకాలాలు నీళ్ళు కట్టింది, వదిలింది, మళ్ళీ కట్టింది. పోయినేడు మొదటిసారి పండింది. గిరి రైతుగా పేరున్నంత కాలమే ఆ చేను ఆమెది. పేరు పోతే మళ్ళీ శిబిరమే.

ఆగస్టు 3, ఆదివారం

ఆదివారం పడవలు ఉండవు. పిడికెడు కుండ పట్టుకుని మందిరానికి వెళ్ళాను.

మా ఇళ్ళలో ఏ పూట వండినా ముందు ఒక పిడికెడు బియ్యం తీసి పక్క కుండలో వేస్తాం. మా అమ్మ వేసేది, అమ్మమ్మ వేసేది. ఆదివారం కుండలన్నీ మందిరంలో ఒకే దుప్పటి మీద కుమ్మరిస్తాం. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి లేనివాళ్ళకు పంచుతారు. చివర, తెచ్చిన ప్రతి మనిషికీ ఒక పిడికెడు తిరిగి ఇస్తారు. ఆశీర్వాదం అది. దాన్ని తెల్లగుడ్డలో మూట కట్టుకుని వస్తాం.

పోయిన ఆదివారం నుంచి శిబిరం వాళ్ళు పదిహేడు కుటుంబాలు మా మందిరానికి వస్తున్నారు. వాళ్ళూ పిడికెడు తెస్తున్నారు. ఇవాళ ఒక ముసలమ్మ కొంగులోంచి విప్పి పోసింది. తన పూటలోది తీసిందని ఎండిపోయిన ఆ చేతిని చూస్తే తెలిసింది. సాయం మీద బతికేవాళ్ళు సాయం చేయడం చూసి అయ్యగారు ప్రార్థన మధ్యలో ఆగి నీళ్ళు తాగారు.

ఇంటికి వచ్చి మామిడి ఒరుగులు ఎండబెట్టాను.

ఆగస్టు 4, సోమవారం

మళ్ళీ ఎర్రబడింది. పదకొండింటి పడవ, మొదటి గుండిగ, వీరవేణి మొదటి బస్తా. రెండో బస్తా పచ్చ.

మధ్యాహ్నం ఆమె ఖాళీ బస్తాల కోసం వచ్చింది. ప్రభుదాసు రేవులోనే పట్టుకున్నాడు.

"ఏమ్మా, మీ శిబిరం బియ్యం బాగుంటాయా?"

"ఆయ్, బాగానే ఉంటాయండి. మెత్తగా అవుతాయని మా అత్తకి అవే వండుతాను."

"మాకూ అవే వండిపెడుతున్నావ్ కదా."

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"అంత మాటనకండి బాబుగారూ. నేను తెచ్చేదే రెండు బస్తాలు. అందులో కలిపి ఏం మిగుల్చుకుంటానండి?"

"రెండింట్లో ఒకటి ఎర్రబడింది. రెండు సోమవారాలు. మిగతా రైతులందరివీ పచ్చే. నువ్వే చెప్పు, ఏమనుకోవాలి?"

"ముక్కుకే రోగమొచ్చిందనుకోవచ్చుగా. నాకు దొంగబుద్ధొచ్చిందనే ఎందుకనుకోవాలండి?"

"అన్నయ్యా, గొంతు తగ్గించు. పడవవాళ్ళు వింటున్నారు" అంది సువార్త కిటికీలోంచి.

వీరవేణి నా వైపు తిరిగింది. "దయామణమ్మగారూ, మీరు చెప్పండి. మీరేమంటే అదే."

నేనేమీ అనలేదు. తెలియనిది ఎలా చెప్తాను అనుకున్నాను. ఆమె బస్తాలు మడిచి దోనెలో వేసుకుని వెళ్ళిపోయింది. దోనె మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

ఆగస్టు 6, బుధవారం

గిరి తనిఖీదారు వరప్రసాద్ గారు పదకొండింటి పడవలో వచ్చారు. నెమ్మదైన మనిషి. ముందు భోజనం చేశారు. పొన్నగంటికూర రెండుసార్లు వేయించుకున్నారు. తరువాత వంటగది అంతా చూశారు. డబ్బాలు, గాదె, ఒరుగుల జాడీలు, పొయ్యి వెనక సందు. అన్నంలో ఏమేం వేస్తారని అడిగితే బియ్యం, నీళ్ళు, ఉప్పు అన్నాను. ప్రార్థన గది గుమ్మం దాకా వచ్చి, "ఇది అక్కర్లేదులెండి" అని వెనక్కి తిరిగారు. మర్యాద కొద్దీ.

వరండాలో కూర్చోబెట్టి చెప్పారు. "రెండే దారులండి. తప్పు రైతుదైతే గిరి నుంచి రైతు పేరు తీసేస్తారు, మజిలీకి మచ్చ రాదు. తప్పు వంటగదిదైతే నాలుగు నెలలు ఏ పడవా మీ రేవులో ఆగదు. వండిన మనిషి ఏడాదిపాటు గరిటె పట్టకూడదు."

"వంటగదిలో బయటి గింజ ఎక్కడుందండి? మీరే చూశారుగా" అన్నాడు ప్రభుదాసు.

"చూశాను. లేదు. అందుకే ఫిర్యాదు రాసిస్తే సభకు పంపుతాను. ఇరవయ్యో తేదీ విచారణ. అప్పటిదాకా ఆమె బియ్యం తేవొచ్చు, మీరు కళ్ళముందు పరీక్షించి తీసుకోవాలి. చేలో మాత్రం నాట్లు వేయకూడదు."

"నాట్లు ఎందుకు ఆపడం?" అన్నాను.

"చేను ఎవరిదో తేలాలి కదండి."

ప్రభుదాసు రాశాడు. పెద్దదాన్ని కాబట్టి వేలిముద్ర నాది. వేలు పెట్టేముందు కళ్ళు మూసుకున్నాను. ఇరవై ముగ్గురు రైతులు ఈ మజిలీని నమ్ముకుని పండిస్తున్నారు అనుకున్నాను. అడ్డు చెప్పే మాట ఏదీ లోపలి నుంచి రాలేదు. వేలు పెట్టాను.

ఆగస్టు 12, మంగళవారం

మధ్యలో రాయలేకపోయాను. ఆదివారం మందిరం నుంచి రాగానే జ్వరం పట్టుకుంది. ఆ రాత్రి నుంచి ప్రార్థన గదిలోనే పడుకున్నాను. నిన్న సోమవారం వంట సువార్త చేసింది. జరిగింది వాళ్ళు చెప్పినట్టు రాస్తున్నాను.

ప్రభుదాసు ఒక్కో బస్తాను వరండాలో గుడ్డ మీద కుమ్మరించి, ఇరవై చోట్ల నుంచి గరిటెలు తీసి పరీక్షించాడు. వీరవేణి స్తంభానికి ఆనుకుని నిలబడి చూసింది. ఇరవై సార్లూ పచ్చ. రెండో బస్తా కూడా అంతే. వండాక మొదటి పడవకూ పచ్చ, రెండో పడవకూ పచ్చ.

సాయంత్రం ఇద్దరూ నా మంచం దగ్గరికి వచ్చారు.

"చూశావా అక్కా. భయం పుట్టింది, మంచివి తెచ్చింది" అన్నాడు తమ్ముడు.

"అది కాదులే. వండింది నేను. నా చేతి మహిమ" అంది సువార్త. "పెద్దక్క వండితే ఎర్రబడుతుంది, నేను వండితే పచ్చబడుతుంది. ఇకనుంచి గరిటె నాకిచ్చెయ్యండి."

నవ్వాం. గంజి తాగి పడుకున్నాను. సువార్త మాట మాత్రం వదల్లేదు.

ఆగస్టు 13, బుధవారం

జ్వరం తగ్గింది. పదకొండింటి పడవ వెళ్ళాక ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను.

మొదటి రోజు ఇలా రాశాను. "ఎసరు మరిగింది. ప్రార్థన చేసి బియ్యం పోశాను." దాని కింద, "ఏదీ వదల్లేదు."

ఒకటి వదిలేశాను. ప్రతి సోమవారం మొదటి ఎసట్లో, ప్రార్థన అయ్యాక, మందిరం నుంచి తెచ్చిన మూట విప్పి ఆ పిడికెడు ముందు వేస్తాను. తరువాతే బస్తా బియ్యం పోస్తాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వేస్తున్నాను. వంటలోకి వేసే సరుకు అని ఎప్పుడూ అనిపించలేదు. ప్రార్థనలో భాగం అనుకున్నాను. అందుకే రాయాలని తోచలేదు. వరప్రసాద్ గారు అన్నంలో ఏమేం వేస్తారని అడిగితే బియ్యం, నీళ్ళు, ఉప్పు అని చెప్పాను. అబద్ధమని తెలియకుండా చెప్పాను.

ముందు ఏళ్ళలో ఆ దుప్పటి మీద పోసేవన్నీ మా గిరి బియ్యమే. జులై ఆఖరి ఆదివారం నుంచి సాయం బియ్యం కూడా పోస్తున్నారు. వండినదాన్ని చూసే ముక్కు అంతకుముందు నెలలోనే వచ్చింది.

మొన్న జ్వరంతో వేయలేదు. సువార్తకు ఆ అలవాటు లేదు. పదో తేదీ మూట ప్రార్థన గదిలో బైబిలు పక్కనే ఉంది.

మూట తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళాను. అప్పుడక్కడ ఎవరూ లేరు. విప్పి ముక్కు ముందు పెట్టాను. ఎరుపు. మళ్ళీ పెట్టాను. ఎరుపు. మూడోసారి పెడితే దేవుణ్ణి శోధించినట్టే అవుతుందని ఆపేశాను.

నాలుగింటి పడవకు వడ్డన చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మాటలు కూర్చుకుంటున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆగస్టు 14, గురువారం

మధ్యాహ్నం వీరవేణి వచ్చింది. ప్రభుదాసు తోటల వైపు వెళ్ళాడు. ఆమె రేవు మెట్టు మీదే నిలబడింది, పైకి రాలేదు.

"అమ్మగారూ, నారుమడి ఇరవై ఎనిమిది రోజులదైందండి. ఇరవయ్యో తారీకు దాకా ఆగితే ముదిరిపోద్ది. తరవాత నాటినా పిలకెయ్యదు. సభోళ్ళకి మీరొక మాట చెప్తే, నాటుకోనిస్తారు. ఆనక నా పేరు తీసేస్తే పంట మీరే కోసుకోండి."

"కూర్చో" అన్నాను.

"కూర్చోనండి. ఒకటడుగుతాను. నిజంగా నేనే చేశాననుకుంటున్నారా?"

"లేదు. నువ్వు చేయలేదు."

"మరి వేలెందుకు పెట్టారండి?"

"అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసింది. ఆ గింజలు వేసింది నేను. మందిరంలో ఇచ్చిన పిడికెడు."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు, వచ్చినా చూపించలేదు.

"ఎప్పుడు తెలిసిందండి?"

"నిన్న మధ్యాహ్నం."

"నిన్నే చెప్పాల్సిందండి" అంది. "నారుకి ఒక్కో రోజూ లెక్కే."

దోనె తోసుకుని వెళ్ళిపోయింది. నేను మెట్ల మీద ఉండిపోయాను. ప్రార్థన చేద్దామని కళ్ళు మూస్తే ఆ మాటే వినిపించింది. లేచి, పడవకు వంట చేయడానికి వెళ్ళాను. ఎసరు సువార్త చేత పెట్టించాను.

నాలుగింటి పడవ వెళ్ళాక ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టి చెప్పాను. మూట చూపించాను. ప్రభుదాసు దాన్ని తీసుకెళ్ళి తనే ముక్కు ముందు పెట్టి చూసుకుని వచ్చాడు.

"సరే" అన్నాడు. "ఇక వెయ్యకు. ఫిర్యాదు వెనక్కి తీసుకుందాం. ఎందుకని అడిగితే, పొరబడ్డాం అందాం. అంతే."

"కారణం చెప్పకుండా తీసుకుంటే మజిలీవాళ్ళు జాలిపడి వదిలేశారంటారు. ఆమె మీద మచ్చ మచ్చలాగే ఉంటుంది."

"కారణం చెప్తే నాలుగు నెలలు పడవలు ఆగవక్కా! నీ చేతిలో గరిటె ఉండదు. అది నీ ఇష్టం. ఇరవై ముగ్గురు రైతుల సంగతేంటి? ఒక్క మనిషి కోసం వాళ్ళందరి నోట్లో మట్టి కొడతావా?"

"ఆ ఇరవై ముగ్గురిలో వీరవేణి లేదా అన్నయ్యా?" అంది సువార్త. "లెక్కలోంచి ఆవిణ్ణి ఎప్పుడు తీసేశావ్?"

తమ్ముడు వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు.

"ఇరవై రెండు" అన్నాడు చివరికి. "ఆవిడతో ఇరవై మూడు."

"అదే."

"అయినా వాళ్ళ కూరలేం కావాలి? కాలవలో పారబోసుకోవాలా?"

"శిబిరంలో రెండు వందల పొయ్యిలున్నాయి" అంది సువార్త. "వాళ్ళకి పైనుంచి బియ్యమొస్తున్నాయి, కూరలు రావట్లేదు. గిరి నియమం పడవ ప్రయాణికులకే కదా. శిబిరం అధికారిని అడుగుదాం. మన రైతుల కూరలు వాళ్ళు తీసుకుంటే ఇక్కడే వండి పంపుదాం. నేను వండుతాను. పెద్దక్క కూరలు తరుగుతుంది. కత్తిపీట పట్టకూడదని నియమంలో లేదు."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే మనం తిట్లు తిందాం. ఇన్నేళ్ళూ వాళ్ళ కూరలు తిన్నాంగా."

తమ్ముడు లేచి వరండా చివరిదాకా నడిచి వచ్చాడు. "నేను ఆవిణ్ణి రేవులో నలుగురి ముందూ అన్నాను" అన్నాడు. నా వైపు చూడలేదు. అది అతను మోయాల్సింది.

ప్రార్థన చేశాం. తరువాత అనుకున్నవి ఇవి.

గిరి సభకు ఉత్తరం ఈ సాయంత్రమే రాయాలి. ప్రభుదాసు రాశాడు. మొదట "పొరపాటు జరిగినది" అని రాస్తే కొట్టేయమన్నాను. "బయటి గింజ వేసినది దయామణి. వేరే మనిషి మీద వేలిముద్ర వేసినది కూడా దయామణి" అని రాయించాను. దాని కింద అతను నన్నడగకుండా ఇంకో వాక్యం చేర్చాడు. "రేవులో నింద మోపినది ప్రభుదాసు." ముగ్గురం వేళ్ళు పెట్టాం. రేపు పదకొండింటి పడవలో వరప్రసాద్ గారికి వెళ్తుంది. నాట్ల మీద ఆంక్ష వెంటనే ఎత్తేయమని విడిగా ఒక కాగితం జత చేశాం.

మందిరానికి పిడికెడు ఎప్పటిలాగే తీసుకెళ్ళాలి. తిరిగి ఇచ్చేది ఇంటి గిన్నెలో వండుకోవాలి, గుండిగలో కాదు. ఆ ముసలమ్మ పిడికెడుది తప్పు కాదు.

రేపు రెండు పడవలకూ సువార్త వండుతుంది. నాలుగింటి పడవ వెళ్ళాక గరిటె సభకు అప్పగించడానికి మూట కట్టాలి, రేవు జెండా దించాలి. సభ చెప్పేదాకా ఆగకూడదని నేనన్నాను. తమ్ముడు ఒప్పుకోవడానికి కొంచెం సమయం పట్టింది. ఒప్పుకున్నాడు.

ఎల్లుండి శనివారం. ఆ పాటికి నాట్లకు అనుమతి వస్తే వీరవేణి ఒక్కతే రెండెకరాలు నారు ముదిరేలోపల నాటలేదు. మాకు పని ఉండదు కాబట్టి ముగ్గురం వెళ్ళాలి. ప్రభుదాసు తనకు నాటడం రాదన్నాడు. సువార్త అతన్ని నారు కట్టలు మోయమంది. నాకు వచ్చు, నడుము ఎంతసేపు నిలుస్తుందో తెలియదు.

ఆమె మమ్మల్ని చేలోకి రానివ్వకపోవచ్చు. రానివ్వకపోతే మాట్లాడకుండా, నారుమడి నుంచి గట్టు దాకా కట్టలు చేరవేసి తిరిగి రావాలని నిర్ణయించాం.